ఫారంలో ఈమెయిల్ చిరునామా తనిఖీ: రూపం సరిచూడటం, చేరిందని నిర్ధారించుకోవడం

9.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని అధ్యయనం చేసిన తరవాత మీరు:
- ఈమెయిల్ చిరునామా నిర్మాణాన్ని, దాని పరిమితులను వివరించగలుగుతారు.
- తనిఖీలో జరిగే రెండు రకాల పొరపాట్లను గుర్తించి, వాటిలో ఏది ఎవరికి నష్టమో చెప్పగలుగుతారు.
- బ్రౌజరులో చేయాల్సిన తనిఖీని, సర్వరులో చేయాల్సిన తనిఖీని వేరు చేయగలుగుతారు.
- తెలుగు లిపిలో ఉండే చిరునామాలను స్వీకరించడానికి కావలసిన జాగ్రత్తలు తెలుసుకుంటారు.
- నిర్ధారణ లేఖతో సహా పూర్తి తనిఖీ క్రమాన్ని రూపొందించగలుగుతారు.

9.1 పరిచయం

కిందటి భాగంలో ఫారంలోని పేరు, పుట్టినతేదీ, ఫోన్ నంబరు గడులను ఎలా తనిఖీ చేయాలో చూశాం. ఈ భాగంలో ఒకే ఒక గడిని తీసుకుంటున్నాం. అది ఈమెయిల్ గడి. చూడటానికి చిన్నదే. కాని మిగిలిన గడులన్నీ సరిగ్గా నింపి, ఇదొక్కటి తప్పుగా నింపితే దరఖాస్తుదారుకు మనం పంపే కబురు ఏదీ అందదు.

ఇద్దరు విద్యార్థులను ఊహించుకోండి. ఇద్దరూ పరీక్ష ఫీజు కట్టడానికి సెల్‌ఫోన్‌లో ఫారం నింపుతున్నారు. మొదటి విద్యార్థిని తొందరలో జీమెయిల్ స్పెల్లింగులో ఏ, ఐ అక్షరాలను తారుమారు చేసింది. ఫారం ఏమీ అనలేదు. ఫీజు కట్టింది. హాల్‌టికెట్ వివరాలు ఆమెకు ఎప్పటికీ రాలేదు. రెండో విద్యార్థి తన చిరునామాను తప్పు లేకుండా టైపు చేశాడు. అది ఇన్ఫో అనే నాలుగక్షరాలతో ముగుస్తుంది. ఫారం రాసిన ప్రోగ్రామరు డొమైన్ చివర రెండు లేక మూడు అక్షరాలే ఉంటాయని అనుకున్నాడు. 'చెల్లని ఈమెయిల్' అని ఎర్రటి అక్షరాలు వచ్చాయి. ఎన్నిసార్లు ప్రయత్నించినా అంతే. గడువు దాటిపోయింది.

తప్పు చిరునామా లోపలికి వెళ్లింది. సరైన చిరునామా బయటే ఆగిపోయింది. ఆ ఫారంలో తనిఖీ ఉంది, కాని అది ఇద్దరిలో ఎవరికీ ఉపయోగపడలేదు. ఎందుకిలా జరుగుతుంది, ఎలా సరిదిద్దాలి అన్నదే ఈ భాగం విషయం.

గమనిక: ఈ పాఠంలో ఉదాహరణ చిరునామాలను తెలుగు లిపిలో రాస్తున్నాం. 9.6లో తప్ప మిగతా చోట్ల వాటిని ఆంగ్ల అక్షరాలలో ఉన్నట్లే భావించండి. ఉదాహరణలలో వాడిన ఎగ్జాంపుల్.కామ్ అనే డొమైన్‌ను ఇలాంటి పాఠాల కోసమే 1999లో ఆర్‌ఎఫ్‌సీ 2606 ద్వారా ప్రత్యేకించి ఉంచారు. అది ఎవరి సొంత చిరునామా కాదు.

9.2 చిరునామా నిర్మాణం

1971లో రే టామ్లిన్‌సన్ అనే ఇంజనీరు ఆర్పానెట్‌లో ఒక కంప్యూటరు నుంచి మరో కంప్యూటరుకు సందేశం పంపే ప్రోగ్రామును రాశాడు. మనిషి పేరును, కంప్యూటరు పేరును విడదీయడానికి ఆయన @ గుర్తును ఎంచుకున్నాడు. 'ఫలానా వ్యక్తి, ఫలానా చోట' అన్నదే దాని అర్థం. నేటికీ చిరునామాలో ఆ రెండు భాగాలే ఉన్నాయి.

సీత@ఎగ్జాంపుల్.కామ్ అన్న చిరునామాలో @ కు ముందున్నది స్థానిక భాగం. తరవాత ఉన్నది డొమైన్. వీటి నియమాలు ఆర్‌ఎఫ్‌సీ 5321, ఆర్‌ఎఫ్‌సీ 5322 అనే ప్రమాణ పత్రాలలో ఉన్నాయి. రెండూ 2008లో వెలువడ్డాయి. వాటిలో మనకు అవసరమైనవి ఇవి:

(అ) స్థానిక భాగం 64 బైట్లు మించరాదు. మొత్తం చిరునామా 254 బైట్లు మించరాదు.
(ఆ) స్థానిక భాగంలో అక్షరాలు, అంకెలు, చుక్కతో పాటు + - _ ' ! # $ % & * / = ? వంటి గుర్తులు కూడా ఉండవచ్చు.
(ఇ) చుక్క మొదటా చివరా రాకూడదు. రెండు చుక్కలు పక్కపక్కన రాకూడదు.
(ఈ) డొమైన్‌లో చుక్కల మధ్య ఉండే ఒక్కొక్క ముక్కను లేబుల్ అంటారు. లేబుల్ 63 అక్షరాలు మించరాదు.
(ఉ) డొమైన్‌లో పెద్దక్షరాలకు, చిన్నక్షరాలకు తేడా లేదు. స్థానిక భాగంలో తేడా ఉండవచ్చునని ప్రమాణం చెబుతుంది గాని, ఆచరణలో దాదాపు అందరూ రెండింటినీ ఒకటిగానే చూస్తారు.

ఇక్కడ ఒక ముఖ్య సూత్రాన్ని గుర్తుంచుకోండి: స్థానిక భాగానికి అర్థం చెప్పే అధికారం ఆ ఉత్తరాన్ని అందుకునే సర్వరుకే ఉంది. ఉదాహరణకు జీమెయిల్ స్థానిక భాగంలోని చుక్కలను లెక్కలోకి తీసుకోదు. + గుర్తు తరవాత ఏం రాసినా ఉత్తరం అదే పెట్టెకు చేరుస్తుంది. మరో సంస్థ సర్వరులో చుక్క ఉన్న చిరునామా, లేని చిరునామా ఇద్దరు వేరువేరు మనుషులవి కావచ్చు. కాబట్టి మన ఫారం సొంతంగా చుక్కలు తీసేయడం, + తరవాతి భాగాన్ని కత్తిరించడం తగదు.

9.3 రెండు రకాల పొరపాట్లు

ఏ తనిఖీలోనైనా రెండు రకాల పొరపాట్లకు అవకాశం ఉంది. మొదటిది, తప్పును ఒప్పుగా అంగీకరించడం. రెండోది, ఒప్పును తప్పుగా తిరస్కరించడం. నియమాలను బిగించే కొద్దీ మొదటిది తగ్గి రెండోది పెరుగుతుందని మనం సాధారణంగా అనుకుంటాం. ఈమెయిల్ విషయంలో ఇంకో చిక్కు ఉంది. ఇక్కడ ఎంత బిగించినా మొదటిది పెద్దగా తగ్గదు. ఎందుకో చూద్దాం.

కామ్ అనే ముగింపులో ఆంగ్ల అక్షరాలు మూడు: సీ, ఓ, ఎం. చివరి ఎం పడకపోతే మిగిలేది సీ, ఓ. అది కొలంబియా దేశ సంకేతం. మధ్యలోని ఓ పడకపోతే మిగిలేది సీ, ఎం. అది కామెరూన్ దేశ సంకేతం. రెండూ నిజమైన ముగింపులే. రూపం చూసే ఏ నియమమూ వీటిని తప్పు అనలేదు. అమెరికా సైన్యపు చిరునామాలు మిల్ అని ముగుస్తాయి. అందులో ఐ అక్షరం పడకపోతే ఎంఎల్ అవుతుంది, అది మాలి దేశ సంకేతం. ఇలా సైన్యానికి వెళ్లవలసిన ఉత్తరాలు ఏళ్ల తరబడి మాలి డొమైన్లకు వెళ్తున్నాయని 2023 జూలైలో వార్తలు వచ్చాయి. అవన్నీ రూపంలో నిర్దోషమైన చిరునామాలే.

ఇక రెండో పొరపాటు సంగతి. 2001లో ఇన్ఫో, మ్యూజియం వంటి ముగింపులు వచ్చాయి. 2013 నుంచి వందలాది కొత్త ముగింపులు చేరాయి. ఇప్పుడు వాటి మొత్తం వెయ్యికి పైమాటే. 'చివర రెండు లేక మూడు అక్షరాలు' అనే పాత నియమం వీటిని వాడేవారందరినీ గుమ్మం బయటే ఆపేస్తుంది. + గుర్తును, పేరులో వచ్చే ' గుర్తును ఒప్పుకోని ఫారాలూ ఇలాంటివే. పైగా ప్రమాణం ఒప్పుకోని చిరునామాలు కూడా లోకంలో ఉండవచ్చు. జపాన్‌లో కొన్ని మొబైల్ సంస్థలు ఒకప్పుడు రెండు చుక్కలు పక్కపక్కన ఉన్న చిరునామాలను తమ ఖాతాదారులకు ఇచ్చాయి. వాటికి ఉత్తరాలు చేరేవి.

ఇందులో మనకు అర్థం కావలసింది ఇది. మన దేశంలో ఆరంకెల పిన్‌కోడ్ 1972 ఆగస్టు 15 నుంచి వాడుకలో ఉంది. అంకెలు ఆరు ఉన్నాయా, మొదటిది సున్నా కాదు కదా అని కార్డును చూసి చెప్పవచ్చు. ఆ ఇంట్లో ఆ మనిషి ఉన్నారా అన్నది పోస్ట్‌మ్యాన్ గుమ్మం ముందు నిలబడితేనే తెలుస్తుంది. ఈమెయిల్ కూడా అంతే. రూపాన్ని సరిచూడటాన్ని వాలిడేషన్ అంటారు. చిరునామా పని చేస్తోందని, అది ఆ మనిషిదేనని తేల్చుకోవడాన్ని వెరిఫికేషన్ అంటారు. మొదటిది ఎంత బాగా చేసినా రెండోదానికి బదులు కాదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి - 1

1. స్థానిక భాగానికి, మొత్తం చిరునామాకు గల గరిష్ఠ పరిమితులు ఎన్ని బైట్లు?
2. కామ్ అని రాయవలసిన చోట ఒక అక్షరం పడిపోతే రూప తనిఖీ ఎందుకు పట్టుకోలేదు?

9.4 నమూనాతో తనిఖీ

అక్షరాల వరుస ఒక నమూనాకు సరిపోతుందో లేదో చూసే సాధనమే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్. ఈమెయిల్ కోసం వందల అక్షరాల పొడవైన నమూనాలను కొందరు రాస్తారు. వాటిని అలాగే తెచ్చి మీ ప్రోగ్రాములో అతికించకండి. ఇందుకు రెండు కారణాలున్నాయి. ఒకటి, అర్థం కాని నమూనాలో ఏ చిరునామా ఎందుకు ఆగిపోయిందో మీరే చెప్పలేరు. రెండు, పునరావృతాల లోపల పునరావృతాలున్న నమూనా కొన్ని ప్రత్యేకమైన అక్షరాల వరుసల దగ్గర లెక్కలేనన్ని దారులు వెతుకుతూ సర్వరును స్తంభింపజేస్తుంది. 2019 జూలై 2న క్లౌడ్‌ఫ్లేర్ సేవలు సుమారు అరగంట ఆగిపోవడానికి మూలం ఇలాంటి ఒక నమూనాయే. అది ఈమెయిల్ నమూనా కాకపోయినా, పాఠం మనకూ వర్తిస్తుంది.

హెచ్‌టీఎంఎల్‌లో ఇన్‌పుట్ గడి రకాన్ని ఈమెయిల్ అని ప్రకటిస్తే బ్రౌజరే ఒక తేలికైన తనిఖీ చేస్తుంది. ఫోన్‌లో @ గుర్తు పైకి కనిపించే కీబోర్డు కూడా వస్తుంది. హెచ్‌టీఎంఎల్ ప్రమాణం ఇక్కడ ఆర్‌ఎఫ్‌సీ 5322ను పూర్తిగా పాటించదు. తెలిసే, కావాలనే పక్కకు జరిగామని అందులోనే రాసి ఉంది. ఆ నమూనా ప్రకారం @ కు ముందు ఆంగ్ల అక్షరాలు, అంకెలు, కొన్ని గుర్తులు ఉండాలి. తరవాత అక్షరంతో గాని అంకెతో గాని మొదలై, ముగిసే లేబుళ్లు ఉండాలి. చుక్క లేని డొమైన్‌ను కూడా అది ఒప్పుకుంటుంది. కార్యాలయం లోపలి నెట్‌వర్కులో అలాంటివి ఉండవచ్చు. ప్రజలందరి కోసం పెట్టిన ఫారంలో డొమైన్‌కు కనీసం ఒక చుక్క ఉండాలన్న నియమాన్ని మనం చేర్చుకోవచ్చు.

టైపింగు పొరపాట్లను పట్టుకోవడానికి నమూనా కంటే పోలిక మెరుగు. ఒక పదాన్ని మరో పదంగా మార్చడానికి ఎన్ని అక్షరాలు చేర్చాలి, తీసెయ్యాలి, మార్చాలి అన్న లెక్కను లెవెన్‌ష్టైన్ దూరం అంటారు. పక్కపక్క అక్షరాల తారుమారును కూడా ఒక మార్పుగా లెక్కిస్తే అది డామెరౌ-లెవెన్‌ష్టైన్ దూరం. మన మొదటి విద్యార్థిని రాసిన డొమైన్‌కు, జీమెయిల్ డొమైన్‌కు ఈ రెండో లెక్కలో దూరం 1 మాత్రమే. ఎక్కువమంది వాడే కొన్ని డొమైన్ల పట్టికతో పోల్చి, దూరం 1 వచ్చినప్పుడు 'మీ ఉద్దేశం జీమెయిల్.కామ్ అనా?' అని అడగండి. అడగాలే గాని, ప్రోగ్రాము తనంతట తాను దిద్దకూడదు, ఆపకూడదు. నిజంగానే అలాంటి పేరున్న డొమైన్ వాడేవారు ఉండవచ్చు. 'కాదు, నేను రాసిందే సరైనది' అని చెప్పే అవకాశం వారికి ఉండాలి.

9.5 బ్రౌజరులో తనిఖీ, సర్వరులో తనిఖీ

బ్రౌజరులో చేసే తనిఖీ వినియోగదారు సౌకర్యం కోసం. ఫారం పంపకముందే తప్పు కనిపిస్తే వెంటనే దిద్దుకుంటారు. కాని బ్రౌజరుతో పని లేకుండా నేరుగా సర్వరుకు సమాచారం పంపవచ్చు. కాబట్టి సర్వరులో తనిఖీ మళ్లీ జరగాలి. అది వ్యవస్థ భద్రత కోసం.

ముఖ్యంగా కొత్త పంక్తి గుర్తులను సర్వరు తిరస్కరించాలి. ఈమెయిల్ శీర్షంలో ఒక్కొక్క వివరం ఒక్కొక్క పంక్తిలో ఉంటుంది. చిరునామా గడిలో కొత్త పంక్తిని చొప్పించి, దాని కింద మరికొన్ని చిరునామాలు రాస్తే, జాగ్రత్త లేని ప్రోగ్రాము మన సర్వరు పేరుమీదే వాళ్లందరికీ ఉత్తరాలు పంపుతుంది.

' గుర్తు డేటాబేసుకు ప్రమాదమని దాన్ని నిషేధించేవారు ఉన్నారు. అది సరైన మందు కాదు. ఆ గుర్తు చిరునామాలో చెల్లుతుంది. విలువను ఆదేశంలో అతికించకుండా విడిగా పంపే పారామీటరు పద్ధతిని వాడితే ఆ ప్రమాదం ఉండదు.

సర్వరు ఇంకొక అడుగు వేయవచ్చు. ఆ డొమైన్‌కు ఉత్తరాలు తీసుకునే సర్వరు ఏదో చెప్పే ఎంఎక్స్ రికార్డు ఉందా అని డీఎన్‌ఎస్‌ను అడగవచ్చు. ఎంఎక్స్ లేకపోయినా డొమైన్‌కు మామూలు చిరునామా రికార్డు ఉంటే ఉత్తరాన్ని అక్కడికే పంపవచ్చునని ఆర్‌ఎఫ్‌సీ 5321 చెబుతుంది. కాబట్టి రెండూ లేవని తేలితేనే తిరస్కరించాలి. డీఎన్‌ఎస్ నుంచి జవాబు రాకపోతే అది తాత్కాలిక లోపం కావచ్చు. ఆ కారణంగా మనిషిని ఆపకూడదు. ఫలానా పెట్టె ఉందా అని అవతలి సర్వరునే అడిగే ఆదేశం ఒకటి ప్రమాణంలో ఉంది గాని, అనవసర ఉత్తరాలు పంపేవారి బెడద వల్ల చాలా సర్వర్లు దానికి జవాబివ్వవు.

9.6 తెలుగు లిపిలో చిరునామా

2012లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 6530, 6531, 6532 పత్రాలతో స్థానిక భాగాన్ని కూడా ఏ లిపిలోనైనా రాసుకునే వీలు కలిగింది. మన దేశానికి తెలుగు లిపిలో .భారత్ అనే ముగింపు ఉంది. అంటే సీత@ఉదాహరణ.భారత్ వంటి చిరునామా పూర్తిగా తెలుగు అక్షరాలలోనే ఉండవచ్చు. ఇలాంటివాటిని స్వీకరించాలంటే మూడు విషయాలు గమనించాలి.

మొదటిది, 9.4లో చెప్పిన హెచ్‌టీఎంఎల్ నమూనా స్థానిక భాగంలో తెలుగు అక్షరాలను ఒప్పుకోదు. కాబట్టి గడి రకాన్ని మామూలు టెక్స్ట్‌గా ఉంచి, కీబోర్డును మాత్రం ఈమెయిల్‌కు తగినదిగా కోరి, తనిఖీని మనమే రాసుకోవాలి.

రెండోది, 'అక్షరాలు మాత్రమే' అన్న నియమం తెలుగుకు చాలదు. యూనికోడ్‌లో ర, మ వంటివి అక్షరాల వర్గంలో ఉన్నాయి. దీర్ఘం, గుడి, కొమ్ము, పొల్లు వంటివి వేరే వర్గం. వాటిని గుర్తులు అంటారు. అక్షరాల వర్గాన్ని మాత్రమే అనుమతిస్తే 'రమ' లోపలికి వస్తుంది, 'రామ' బయటే ఉండిపోతుంది.

మూడోది, పరిమితులు బైట్లలో ఉన్నాయి, కంటికి కనిపించే అక్షరాలలో కాదు. యూటీఎఫ్-8లో ఒక్కొక్క తెలుగు సంకేతానికి 3 బైట్లు పడతాయి. 'శ్రీ' మనకు ఒకే అక్షరం. యంత్రానికి అందులో శ, పొల్లు, ర, గుడిదీర్ఘం అనే 4 సంకేతాలున్నాయి. అంటే 12 బైట్లు. 64 బైట్లలో 21 తెలుగు సంకేతాలే పడతాయి. డొమైన్ భాగాన్ని డీఎన్‌ఎస్ కోసం ప్యూనీకోడ్ అనే ఆంగ్ల అక్షరాల రూపంలోకి మారుస్తారు. లేబుల్ 63 పరిమితిని ఆ రూపం మీదే లెక్కించాలి.

ఇక, మీరు స్వీకరించినంత మాత్రాన సరిపోదు. మీ తరఫున ఉత్తరాలు పంపే సర్వరు ఎస్‌ఎంటీపీ-యూటీఎఫ్8 అనే విస్తరణను ఎరిగి ఉండాలి. లేకపోతే చిరునామా డేటాబేసులో ఉంటుంది గాని ఉత్తరం కదలదు. అప్పుడు ఆ మాట ఫారంలోనే తెలిపి మరో చిరునామా అడగడం మర్యాద. 'చెల్లని చిరునామా' అనడం అబద్ధం.

9.7 నిర్ధారణ లేఖ

చిరునామా నిజంగా పని చేస్తోందని తెలుసుకోవడానికి ఒకటే నమ్మకమైన మార్గం: దానికి ఒక ఉత్తరం పంపి, అందుకున్న మనిషి చేత జవాబు ఇప్పించుకోవడం. ఊహించడానికి వీలులేని సంకేతంతో కూడిన లింకును గాని, కొద్దిసేపే చెల్లే అంకెల కోడ్‌ను గాని పంపుతారు. ఇందులో పాటించవలసినవి:

(అ) సంకేతం ఒక్కసారే పని చేయాలి, దానికి గడువు ఉండాలి.
(ఆ) లింకు తెరవగానే నిర్ధారణ అయిపోకూడదు. కొన్ని సంస్థల భద్రతా సాఫ్ట్‌వేర్ ఉత్తరంలోని లింకులను తనంతట తానే తెరిచి చూస్తుంది. తెరుచుకున్న పేజీలో 'నిర్ధారించండి' అనే బటన్‌ను మనిషి నొక్కాలి.
(ఇ) నిర్ధారణ పూర్తయ్యే దాకా మార్కులు, ఫోన్ నంబరు వంటి సొంత వివరాలను ఆ చిరునామాకు పంపకూడదు. తప్పు చిరునామా ఎవరో అపరిచితుడిది కావచ్చు.
(ఈ) 'ఉత్తరం రాలేదా? చిరునామా మార్చుకోండి' అనే మార్గం ఉండాలి. ఫారం మొత్తం మళ్లీ నింపించకూడదు.
(ఉ) గడువున్న దరఖాస్తులలో నిర్ధారణ ఆలస్యమైనా దరఖాస్తు భద్రంగా ఉండాలి. ఫోన్ సందేశం వంటి రెండో దారి ఉండాలి.

9.8 తనిఖీ క్రమం, దోష సందేశాలు

ఇంతవరకు చెప్పుకున్నదాన్ని ఒక క్రమంలో పెడదాం.

దశ 1: ముందూ వెనకా ఉన్న ఖాళీలను తొలగించండి. ఫోన్ కీబోర్డు పదాన్ని పూరించినప్పుడు చివర ఖాళీ చేరడం మామూలే.
దశ 2: కొత్త పంక్తి వంటి నియంత్రణ గుర్తులుంటే ఆపండి.
దశ 3: చివరి @ దగ్గర రెండు భాగాలు చేయండి. @ లేకపోయినా, ఏ భాగమైనా ఖాళీగా ఉన్నా ఆపండి.
దశ 4: 64, 254 బైట్ల పరిమితులు చూడండి.
దశ 5: డొమైన్‌లో చుక్క ఉందా, లేబుళ్లు ఖాళీగా లేవు కదా, 63 మించలేదు కదా అని చూడండి.
దశ 6: పేరున్న డొమైన్లతో పోల్చి, అనుమానం వస్తే అడగండి.
దశ 7: నిర్ధారణ లేఖ పంపండి.

మొదటి విద్యార్థిని దగ్గర దశ 6 ప్రశ్న వేస్తుంది. ఆమె పట్టించుకోకపోయినా, నిర్ధారణ ఉత్తరం రాకపోవడంతో దశ 7 దగ్గర తెలుసుకుంటుంది. రెండో విద్యార్థిని ఏ దశా ఆపదు.

ఆపవలసి వచ్చినప్పుడు ఎందుకు ఆపామో చెప్పాలి. 'చెల్లని ఈమెయిల్' అంటే చదివేవారికి ఏం చేయాలో తెలియదు. '@ గుర్తు కనిపించలేదు', '@ తరవాత డొమైన్ పేరు రాయండి' అంటే తెలుస్తుంది. రాసినదాన్ని తుడిచేయకుండా గడిలోనే ఉంచండి. టైపు చేస్తుండగానే ఎర్రరంగు చూపకుండా, గడి దాటాక చూపండి. రెండుసార్లు రాయమనడం వల్ల పెద్ద ప్రయోజనం లేదు. చాలామంది మొదటి గడిలోని తప్పునే రెండో గడిలోకి కాపీ చేస్తారు.

మీ ప్రగతిని సరిచూసుకోండి - 2

3. బ్రౌజరులో తనిఖీ చేసిన తరవాత కూడా సర్వరులో ఎందుకు చేయాలి?
4. 'శ్రీ' అనే అక్షరానికి యూటీఎఫ్-8లో ఎన్ని బైట్లు? ఎలా?

9.9 సారాంశం

ఈమెయిల్ చిరునామాలో స్థానిక భాగం, డొమైన్ అనే రెండు భాగాలున్నాయి. రూప తనిఖీ కొట్టొచ్చినట్టు కనిపించే పొరపాట్లనే పట్టుకోగలదు. దాన్ని అతిగా బిగిస్తే తప్పులు తగ్గవు, సరైన చిరునామా ఉన్నవారు నష్టపోతారు. కాబట్టి రూపం దగ్గర ఉదారంగా ఉండాలి, అనుమానం వచ్చినచోట అడగాలి, నిర్ధారణ లేఖ దగ్గర కచ్చితంగా ఉండాలి. ప్రోగ్రాము రాసేటప్పుడు ఫారానికి అవతల గడువు రోజున ఫోన్ పట్టుకుని కూర్చున్న మనిషిని గుర్తుంచుకోండి. ఆ మనిషి మీలాంటి విద్యార్థే కావచ్చు.

9.10 మీ ప్రగతిని సరిచూసుకోండి - జవాబులు

1. స్థానిక భాగానికి 64, మొత్తానికి 254.
2. మిగిలే రెండక్షరాలు కూడా నిజమైన దేశ సంకేతాలే కాబట్టి రూపంలో దోషం కనిపించదు.
3. బ్రౌజరుతో పని లేకుండా నేరుగా సర్వరుకు సమాచారం పంపవచ్చు కాబట్టి.
4. 12 బైట్లు. అందులో 4 సంకేతాలున్నాయి, ఒక్కొక్కదానికి 3 బైట్లు.

9.11 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. వాలిడేషన్, వెరిఫికేషన్‌ల మధ్య భేదాన్ని ఉదాహరణలతో వివరించండి.
2. ప్రజలందరూ వాడే ఒక దరఖాస్తు ఫారానికి ఈమెయిల్ తనిఖీ క్రమాన్ని రూపొందించి, ప్రతి దశకు కారణం రాయండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. తెలుగు లిపిలోని చిరునామాలను స్వీకరించడానికి తీసుకోవలసిన జాగ్రత్తలేవి?
2. మీరు ఈ మధ్య నింపిన ఏదైనా ఫారంలోని ఈమెయిల్ గడిని పరిశీలించి, అందులోని దోష సందేశాన్ని మెరుగుపరిచి రాయండి.